ఇంకుడు గుంతకు పెద్దకర్మ

రామభద్రరావుగారికి పరామర్శల పిచ్చి. అయినవాళ్ళెవరైనా పోతే పలకరించడానికి వెళ్ళడం లోకంలో అందరూ చేసేదే, అందులో వింత లేదు. ఆయన ప్రభుత్వ పథకాలు పోతే వెళ్ళేవారు. నాటిన మొక్క ఎండిందంటే మొక్క దగ్గరికి, బోరు ఒట్టిపోయిందంటే బోరు దగ్గరికి, మిద్దె తోట మాడిపోయిందంటే ఆ మిద్దె మీదికి, ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని, వాకిట్లోనే చెప్పులు విడిచి, తల వంచుకుని వెళ్ళి కూర్చునేవారు. కాసేపు ఏమీ మాట్లాడేవారు కాదు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఎప్పుడు జరిగింది?" అని అడిగేవారు.

ఆయనకి పరామర్శలకి కొదవ లేదు. ఆయన పనిచేసే ఆఫీసు అలాంటిది. రెజిమెంటల్ బజార్‌లో పరుపుల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్తే, నగర జల హరిత పరిరక్షణ విభాగం అని బోర్డు కనిపించేది. ఇంకుడు గుంతలు తవ్వించడం, మిద్దె తోటలకి విత్తనాలూ గొట్టాలూ ఇవ్వడం, రోడ్ల పక్కన మొక్కలు నాటించడం, మారిపోతున్న వాతావరణాన్ని తట్టుకునే శక్తిని జనంలో పెంపొందించడం దాని పనులు. ఆ శక్తిని పెంపొందించే గదిలో వాన పడితే రెండు మూడు చోట్ల కారేది. కింద పెట్టిన బకెట్లు ఎండాకాలంలో కూడా ఎవరూ తీసేవారు కాదు, ఆశ కొద్దీ.

పథకాలు ఆ ఆఫీసులో ఘనంగా పుట్టేవి. రిబ్బను, కొబ్బరికాయ, ఫోటోలు, సమోసాలు, అన్నీ ఉండేవి. పుట్టినదాన్ని పెంచే దిక్కే ఉండేది కాదు. ఈలోగా పైనుంచి ఇంకో పథకం వచ్చేది, మళ్ళీ రిబ్బను కొనేవారు. బయట చూస్తే వానలు ఏటికేడు తలతిక్కగా కురుస్తున్నాయి. నెలంతా పడాల్సింది ఒక్క పూటలో పడిపోతోంది, ఆ తర్వాత బోర్లు దుమ్ము కక్కుతున్నాయి. ఇంత పెద్ద ఆపదకి పరుపుల దుకాణం పైన కూర్చున్న నలుగురు మనుషులు అడ్డం పడగలరని నమ్మినవాడు ఆ ఆఫీసులో ఒక్కడూ లేడు. ఒక్కతి ఉండేది, నవత.

నవతది బన్సీలాల్‌పేట్. చెత్తతో పూడిపోయిన మెట్లబావిని బాగుచేస్తే మళ్ళీ నీళ్ళు ఊరడం ఆమె కళ్ళారా చూసింది. ఆ చూసిన సంబరంతోనే పర్యావరణం చదువు చదివి, కాంట్రాక్టు మీద ఫీల్డ్ అసిస్టెంటుగా చేరింది. చేరిన రోజే రామభద్రరావుగారు ఆమెని వెంటబెట్టుకుని ఒక రోడ్డు డివైడరు దగ్గరికి తీసుకెళ్ళారు. నిరుడు నాటిన మొక్కలన్నీ వరసగా ఎండిపోయి ఉన్నాయి. వాటికి ఊతంగా పాతిన కర్రలు మాత్రం దిట్టంగా నిలబడి ఉన్నాయి. ఒక కర్ర చిగురు కూడా వేసింది.

"చెప్పులు విప్పమ్మా," అన్నారాయన.

"రోడ్డు మీదనా సార్? కాళ్ళు కాల్తయ్."

"పోయినవాళ్ళ దగ్గరికి వచ్చాం కదా."

ఇద్దరూ డివైడరు మీద ఒట్టికాళ్ళతో తలలు వంచుకుని నిలబడ్డారు. ఒక ఆటో ఆగింది. యాక్సిడెంటా సార్ అని అడిగాడు డ్రైవరు. కాదు నాయనా, నీళ్ళందక, అన్నారు రామభద్రరావుగారు. ఆటో అతను అయ్యో పాపం అని, వెనక హారన్లు మోగుతున్నా ఇంజను ఆపి, కాసేపు ఉండి వెళ్ళాడు. ఆఫీసుకి తిరిగొచ్చాక నవత వాష్‌రూంలోకి వెళ్ళి ఏడ్చింది. మొక్కల కోసమో, తన కోసమో ఆమెకే తెలియలేదు.

ఆయన పాటించే పద్ధతులన్నీ ఇళ్ళల్లో పాటించేవే. పరామర్శకి వెళ్ళిన చోట టీ ఇస్తే తాగరు. పోయినదాని గురించి తప్ప మరో మాట ఎత్తరు. లేచేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పరు. చావు జరిగిన ఇంట్లో ఆ మాట అనకూడదు కదా, మళ్ళీ అలాంటి పనిమీదే రావాల్సి వస్తుందని భయం. గబుక్కున లేచి, చెప్పులు తొడుక్కుని పోవడమే. రానురానూ ఇది ఎంత అలవాటైపోయిందంటే, సాయంత్రం ఆఫీసునించి ఇంటికి పోయేటప్పుడు కూడా ఎవరికీ చెప్పేవారు కాదు. ఎదురుగా కూర్చున్న మనిషి ఫైలులోంచి తలెత్తేసరికి కుర్చీ ఖాళీగా ఉండేది.

నవత ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "ఆఫీసుల ఎవరు పోయిన్రు సార్? జెర చెప్పి పోవచ్చు కదా."

"ఈ ఆఫీసులో వెళ్ళొస్తానని ఎలా అంటానమ్మా," అన్నారాయన దిగులుగా. "పొద్దున్నించీ ఏదో ఒకటి పోతూనే ఉంది."

కొనఊపిరితో ఉన్నవాటి దగ్గరికైతే బత్తాయిలు పట్టుకెళ్ళేవారు. సగం వాడిన కరివేపాకు మొక్క పక్కన బత్తాయిల సంచీ పెట్టి, ధైర్యంగా ఉండండి అని ఇంటివాళ్ళకి చెప్పి వచ్చేవారు. వీధిలో ఎవరింటికైనా ఆయన బత్తాయిలతో వస్తుంటే పక్కింటివాళ్ళు తమ కుండీల వంక భయంగా చూసుకునేవారు.

ఇంట్లో ఆయన భార్య సుబ్బులుగారి కష్టాలు ఇంకో రకం. పరామర్శనించి వచ్చినవాడు స్నానం చెయ్యకుండా లోపలికి రాకూడదు. కానీ డ్రిప్పు పైపు పోతే మైల ఉంటుందా లేదా అన్నది ఆవిడకి తెలియలేదు. పురోహితుణ్ణి అడిగితే ఆయన ఆలోచించి చెప్తానన్నాడు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు. చివరికి ఆవిడే ఒక కట్టుబాటు పెట్టుకుంది. రోజూ గుమ్మంలో చెంబుతో నిలబడి, "ఇవాళ ఎవరండీ?" అని అడిగేది. మొక్కో పైపో అయితే కాళ్ళు కడుక్కుంటే చాలు. పథకం మొత్తం పోతే మటుకు తలస్నానం. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెలలో ఆయనకి జలుబు తగ్గేది కాదు.

మారేడ్‌పల్లిలో అనసూయమ్మగారని రిటైరైన టీచరుగారు ఉండేవారు. ఆఫీసువాళ్ళు ఆవిడకి మిద్దె తోట కిట్టు ఇచ్చారు. ఫోను చేసినప్పుడల్లా, చాలా బాగుందండీ, టమాటాలు విరగకాస్తున్నాయండీ అని చెప్పేవారు. రామభద్రరావుగారికెందుకో అనుమానం వచ్చి మిద్దె ఎక్కి చూస్తే కుండీల్లో పుల్లలు తప్ప ఏమీ లేవు. ఆవిడ ముఖం పాలిపోయింది. ఆయన కుండీ పక్కన చతికిలబడి, కాసేపు ఊరుకుని, "చివర్లో బాధపడిందామ్మా?" అని అడిగారు. అంతే, ఆవిడ కూడా పక్కనే కూర్చుండిపోయారు. చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళడం, ఉడతలు పైపు కొరికెయ్యడం, తిరిగొచ్చేసరికి అంతా అయిపోవడం, కిట్టు వెనక్కి తీసుకుంటారన్న భయంతో ఇన్నాళ్ళూ ఫోనులో అబద్ధాలాడడం, అన్నీ చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నారు. తెల్లచొక్కా మనిషి మిద్దె మీద తల వంచుకుని కూర్చోవడం చూసిన ఎదురింటివాళ్ళు ఊరుకుంటారా. సాయంత్రానికి తార్నాకనించి ఆవిడ చుట్టాలు ఆటోల్లో దిగారు.

ఈ కథలన్నీ ఆఫీసులో టీ వేళకి చెప్పుకుని నవ్వుకునేవారు. నవ్వనివాడు డిప్యూటీ డైరెక్టరు హేమచంద్ర. ఒకప్పుడు రామభద్రరావుగారి కింద చేరి, ఆయన్ని దాటి పైకి వెళ్ళినవాడు. రెండు ముంజేతులకీ రంగురంగుల తాళ్ళు, బల్ల మీద పంచాంగం, ఈశాన్యానికి తిప్పిన కుర్చీ. వర్జ్యం చూడకుండా సంతకం పెట్టడు. సోమవారం సమీక్షలో అందరూ పచ్చటి ఫోటోలు చూపిస్తుంటే, రామభద్రరావుగారు లేచి, ఈ వారం పోయినవాటికి ఒక నిమిషం మౌనం పాటిద్దాం అనేవారు.

"రావుగారూ, ప్లీజ్. జెర పాజిటివ్‌గా ఉండండి," అనేవాడు హేమచంద్ర.

పోయిన ప్రతి పనికీ కారణం రాయాలని రూలు. మిగతావాళ్ళంతా కళ్ళు మూసుకుని 'లబ్ధిదారుల నిర్లక్ష్యం' అని రాసేవారు. రామభద్రరావుగారొక్కరే 'కార్యాలయం తొందరపాటు' అని రాసేవారు. అందుకే ఆయన తల చేరిన కుర్చీలోనే నెరిసింది. నవత కూడా ఆయన్ని చూసి మొదట సిగ్గుపడింది, తర్వాత జాలిపడింది, ఆ తర్వాత తప్పించుకు తిరగడం నేర్చుకుంది. తన ఇంకుడు గుంత చచ్చిపోయేదాకా.

అది ఆమె తవ్వించిన మొదటి గుంత. బోయిగూడలో ఒకే వాకిలి చుట్టూ ఒకదాన్నొకటి ఒరుసుకున్న ఇళ్ళు. మూలన ఉన్న బోరు సంక్రాంతి దాటితే గాలి ఊదేది. ఆ తర్వాత వానాకాలందాకా ట్యాంకరు వెనక బిందెలతో పరుగులు, తోపులాటలు, శాపనార్థాలు. వాకిలి మధ్య గుంత తవ్వి, కప్పుల మీది వాననీళ్ళన్నీ అందులోకి మళ్ళిస్తే బోరులో మళ్ళీ నీళ్ళు పడతాయని నవత చెప్పినప్పుడు ఎవరూ చెవిన పెట్టలేదు. ఒక్క దేవమ్మ నమ్మింది. దేవమ్మ సందు మొగలో గంప పెట్టుకుని పూలమ్ముతుంది. ఇల్లిల్లూ తిరిగి ఆవిడే ఒప్పించింది. అందరికన్నా కష్టమైన ఓంప్రకాశ్‌ని కూడా ఒప్పించింది. అతను పెళ్ళిళ్ళకి పేపరు ప్లేట్లు సప్లై చేస్తాడు. అతని ట్రాలీ ఆటో నిలబెట్టుకునే జాగాలోనే గుంత రావాలి మరి.

చలికాలంలో గుంత తయారైంది. అడుగున బండలు, పైన కంకర, ఆ పైన ఇసుక. దేవమ్మ బంతిపూలు చుట్టి కొబ్బరికాయ కొట్టింది. నవత తన ఫోను తెరిస్తే ముందు కనిపించేలా ఆ గుంత ఫోటో పెట్టుకుంది. వాళ్ళ అమ్మ అది చూసి, పిలగాని ఫోటో పెట్టుకునే ఈడుల గుంత ఫోటో ఏందే అని నెత్తి కొట్టుకుంది.

జూన్‌లో మొదటి వాన పడింది. కప్పుల మీది నీళ్ళన్నీ అనుకున్నట్టే గొట్టాల్లోంచి గుంత మీదికి వచ్చాయి. వచ్చి అక్కడే నిలబడ్డాయి. చుక్క ఇంకలేదు. వాకిలి నిండి, గడపలు దాటి ఇళ్ళలోకి పోయాయి. తెల్లారి నవత వెళ్ళేసరికి పేపరు ప్లేట్లు ఉబ్బి వాకిలంతా అంటుకుపోయి ఉన్నాయి.

"చూడండి మేడమ్," అన్నాడు ఓంప్రకాశ్. "పూరా మాల్ ఖరాబ్. ఇంకిపోతయన్నరు గద నీళ్ళు, నా ఇంట్ల ఇంకినయ్."

దేవమ్మ బయటికి రాలేదు. తలుపు సందులోంచి కనిపించింది, తడిసిన చాపలు చుట్టబెట్టి గోడకి ఆనుకుని కూర్చుని. నవత పిలిస్తే పలకలేదు. నలుగురిని తిరిగి ఒప్పించిన మనిషి, ఆ నలుగురి ముందుకీ ఏ ముఖంతో వస్తుంది. ఆ ఉదయం ఆవిడ పూలగంప కూడా ఎత్తలేదు.

నవత ఆఫీసుకి చేరేలోపే ఓంప్రకాశ్ ఫోను హేమచంద్రకి చేరింది. ఆయన తేల్చేశాడు. గుంతలో కాంక్రీటు పోసి నేలమట్టం చెయ్యాలి. నిర్లక్ష్యం అని రాసి, బాధ్యురాలిగా దేవమ్మ పేరు పెట్టాలి. ఆ వాకిలికి ఇక ఏ పథకమూ ఇవ్వకూడదు. మర్నాడే మనుషుల్ని పంపిస్తానన్నాడు. ఆ గుంత మూతపడితే ఆ బోరు ఇక ఎన్నటికీ పలకదు, దేవమ్మ ఆ వాకిట్లో తలెత్తుకోలేదు. ఇంత ఊరికి నీళ్ళు తెస్తానని బయల్దేరింది తను, ఒక్క వాకిట్లో గుక్కెడు నీళ్ళు నేలలోకి దింపలేకపోయింది. దిక్కుతోచక రామభద్రరావుగారి బల్ల దగ్గరికి వెళ్ళి, మీరన్నా సార్‌తో ఒక మాట చెప్పండని బతిమాలింది.

ఆయన అంతా విన్నారు. విని, చొక్కా సర్దుకుని, "పదమ్మా, ఒకసారి పలకరించి వద్దాం," అన్నారు.

నవతకి ఒళ్ళు మండింది. "సార్, అది సావద్దని నేను తిరుగుతున్న. మీరేమో పరామర్శ అంటరు."

ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నారు. వెంట వెళ్ళక తప్పలేదు.

బోయిగూడ వాకిట్లో రామభద్రరావుగారు చెప్పులు విడిచి, బురదలోనే నడిచి వెళ్ళి, గుంత పక్కన తడి అరుగు మీద కూర్చున్నారు. తల వంచుకున్నారు. ఓంప్రకాశ్ గొంతు సవరించుకుని గట్టిగా అరవబోయాడు. తెల్లచొక్కా, వంచిన తల, ఒట్టికాళ్ళు చూసేసరికి అతని గొంతు దానంతటదే దిగిపోయింది. టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఆయన పక్కనే కూర్చున్నాడు. ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. పక్క సందులోంచి వచ్చిన ఒకాయన, ఎవరు పోయిన్రు భయ్ అని చెవిలో అడిగాడు.

"గుంత," అన్నాడు ఓంప్రకాశ్ నెమ్మదిగా.

ఇంటికి పలకరించడానికి మనిషొస్తే ఎంత దుఃఖంలో ఉన్నా బయటికి రావాలి. దేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడపలోకి వచ్చి కూర్చుంది.

"ఎప్పుడు జరిగిందమ్మా?" అన్నారు రామభద్రరావుగారు.

"నిన్న మాపటీలి వానకు సారూ."

"ముందునించీ ఒంట్లో బాగుండలేదా?"

"లేదు సారూ. మంచిగనే ఉండె. నున్నగ, అద్దం లెక్క ఉండె."

ఆ మాట నవతకి ఎక్కడో తగిలింది. ఇసుక పోసిన గుంత అద్దంలా ఎందుకుంటుంది?

"ఇన్నాళ్ళూ ఎవరు చూసుకున్నారు?"

"ఇంకెవరు సారూ, నేనే." అంది దేవమ్మ. "గంగమ్మ దిగే జాగ గదా, గలీజుగుంటే ఎట్ల? పొద్దుగాల లేస్తనే ఊడ్చి, సాన్పు నీళ్ళు జల్లి, పెండతోటి మంచిగ అలికి ముగ్గేసిన. ఒక్క దినం తప్పలే. జరమొచ్చిన నాడు సుత లేసి అలికిన. కన్నబిడ్డ లెక్క చూసుకున్న సారూ, అయినా గిట్లాయె."

నవతకి అప్పుడర్థమైంది. మట్టి నేలలోకి నీళ్ళు దిగకూడదనే ఇళ్ళల్లో పేడతో అలుకుతారు. దేవమ్మ ఇంకుడు గుంతని అలికింది. చలికాలంనించీ రోజూ, శ్రద్ధగా, పొర మీద పొర. ఇసుక మీద గచ్చులాంటిది పేరుకుని, గొట్టం వేసి పోసినా చుక్క దిగకుండా అయిపోయింది. ఇది ఆఫీసు కాగితంలో నిర్లక్ష్యం అని పడబోతోంది. నవత ఆ మాట చెప్పబోయింది. ఈలోగా రామభద్రరావుగారే అందుకున్నారు.

"మీరింత చూసుకున్నాక ఇంక అనేదేముందమ్మా. లోపం మాది. మావాళ్ళు పైన పోసిన ఇసుక మంచిది కాదు. దాని ఆయుష్షే అంత."

"నా చెయ్యి మంచిది కాదేమో అనుకున్న సారూ."

"మీ చేతికేం, తల్లీ," అని ఆయన గబుక్కున లేచి, చెప్పులు తొడుక్కుని, వెనక్కి చూడకుండా సందులోకి నడిచారు.

నవత పరుగెత్తి ఆయన్ని అందుకుంది. "సార్, ఆమె అలుకుట్లనే మూసుకుపోయింది గుంత."

"తెలుసమ్మా."

"తెలిసీ చెప్పకుంటే ఎట్ల సార్?"

"చెప్తే ఏమవుతుంది? గుంతని చంపింది తన చేతులేనని ఆవిడకి తెలుస్తుంది. రేపటినించి ఆ చేతులతో పూలెలా కడుతుంది?" ఆయన బురద దాటుకుంటూ నడిచారు. "తనిఖీకని వెళ్తే ఎవరూ నిజం చెప్పరు నవతమ్మా. అంతా బాగుందంటారు, లేకపోతే ఏడుస్తారు. పలకరించడానికి వెళ్తే చెప్తారు. పోయినదాని గురించి చెప్పుకోకుండా ఎవరుండగలరు."

నవత నడక ఆగిపోయింది. ఇన్నాళ్ళ పరామర్శలూ, మిద్దె మీద అనసూయమ్మగారి కన్నీళ్ళూ, ఏటేటా 'కార్యాలయం తొందరపాటు' అని రాసిన చెయ్యీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. టీ వేళ తను నవ్విన నవ్వులు కూడా గుర్తొచ్చాయి. ఆయన మాత్రం ఇదేమీ గమనించకుండా, ఈ వానల ముందు మనమెంత, ఏదీ నిలబడదు, అని ఎప్పటి పాటే పాడుకుంటూ ఆటో పిలిచారు.

ఆఫీసుకి వస్తూనే హేమచంద్ర గదిలోకి వెళ్ళారు. నవత తలుపు దగ్గర నిలబడింది.

"కాంక్రీటు పొయ్యడానికి నాకేం అభ్యంతరం లేదండీ," అన్నారు. "పెద్దకర్మ అయిపోయాక పోయిద్దాం."

"రావుగారూ, ఆర్ యూ సీరియస్? గుంతకి కర్మ ఏంది?"

"గంగమ్మ పేర కొబ్బరికాయ కొట్టి తవ్వించిన గుంత. పోయిందని మీరే ఆర్డరు ఇచ్చారు. పోయాక దినాలు జరక్కుండా పూడ్చడం..." అని ఆగిపోయారు.

హేమచంద్ర చెయ్యి పంచాంగం మీదికి వెళ్ళింది. "అంటే, ఏమన్నా దోషమా?"

"దోషమని నేననను. నాకు తెలిసిన ఒకాయన ఇలాగే తొందరపడి ఒక చేదబావి పూడ్పించాడు. ఏం కాలేదు, ఆరోగ్యంగానే ఉన్నాడు. ట్రాన్స్‌ఫర్ ఒక్కటే అయింది."

హేమచంద్ర ముంజేతి తాళ్ళు సవరించుకుని, పైకి మాత్రం చాలా నిర్లక్ష్యంగా, సరే, ఆ కార్యక్రమాలేవో అయినంక చూద్దాం, కాంక్రీటు వాళ్ళని ఆపమనండి, అన్నాడు. కారణం రాయాల్సిన చోట రామభద్రరావుగారు ఎప్పట్లాగే 'కార్యాలయం తొందరపాటు' అని రాసేశారు.

పెద్దకర్మనాడు పొద్దున్నే రామభద్రరావుగారు గడ్డపార భుజాన వేసుకుని బోయిగూడలో దిగారు. ఆఫీసు స్టోరులో మిగిలిపోయిన కంకరని నవత ఓంప్రకాశ్ ట్రాలీలోనే ఎత్తించి తెచ్చింది. సరుకు పాడైన కోపం అతనికి ఇంకా ఉంది, కానీ కర్మకి సామాను తేనంటే ఎలా. దేవమ్మ ఎదురొచ్చింది. పోయినదానికి పెద్ద దండ కావాలమ్మా, మీ చేత్తో కట్టాలి, అని ఆవిడని సందు మొగలోకి పంపించేశారు రామభద్రరావుగారు.

ఆవిడ అటు వెళ్ళగానే ప్యాంటు మడిచి గడ్డపార దించారు. పైపొర పెద్ద పెద్ద పెచ్చులుగా లేచింది. ఒక పెచ్చు తిరగేసి చూసింది నవత. పేడ పొర, దానిమీద తెల్లటి ముగ్గు గీత, మళ్ళీ పేడ పొర, మళ్ళీ ముగ్గు. చలికాలంనించీ ఒక్క ఉదయం తప్పని పని అంచు పొడవునా కనిపిస్తోంది. ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఓంప్రకాశ్ కూడా ఒకటి తీసి చూశాడు. గుంతకేసి చూశాడు, దేవమ్మ గడపకేసి చూశాడు.

"అరే, ఇది దేవమ్మ..." అని మొదలుపెట్టాడు.

రామభద్రరావుగారు గడ్డపార ఆనించి అతనివంక చూశారు, అంతే. ఓంప్రకాశ్ నోరు మూసుకున్నాడు. కాసేపటికి తనే ఒక గోనెసంచీ తెచ్చి, పెచ్చులన్నీ ఒక్కటి మిగలకుండా ఏరి, ట్రాలీలో తడిసిన ప్లేట్ల కట్టల కింద దాచేశాడు. ఆ వాకిట్లో అందరికన్నా పెద్ద నోరు అతనిది. ఈ ఒక్క సంగతి మటుకు ఇవాళ్టిదాకా ఆ నోట్లోంచి రాలేదు.

పెచ్చుల కింది ఇసుక ఎత్తిపోస్తే, కంకర శుభ్రంగా, పొడిగా ఉంది. దానికేమీ కాలేదు. పైన కొత్తగా ముతక కంకర పరిచి, చుట్టూ గట్టు కట్టేసరికి దేవమ్మ దండ పట్టుకుని వచ్చింది.

"పోయింది పోయిందమ్మా," అన్నారు రామభద్రరావుగారు. "ఇది దాని చోట పుట్టిన ఇంకొకటి. కానీ వాకిట్లో మైల మైలే కదా. ఏడాదిదాకా దీనిమీద సాన్పు, అలుకు, ముగ్గు ఏవీ పనికిరావు. ఊరికే చిమ్మి వదిలెయ్యండి."

"గది నాకు తెల్వదా సారూ," అంది దేవమ్మ. "పోయిన ఇంటి ముందట ముగ్గెవరేస్తరు."

నవత ముఖం తిప్పుకుంది. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఏ ఇంజనీరూ, ఏ కరపత్రమూ ఆవిడచేత మాన్పించలేని పనిని ఆ ముసలాయన మైల పెట్టి మాన్పించారు. ఏడాది తర్వాత ఏం చేస్తారు సార్ అని అడిగితే, అప్పటికి గుంతో నేనో ఉండాలి కదమ్మా, లేకపోతే సంవత్సరీకం పేరు చెప్పి ఇంకో ఏడాది పొడిగిద్దాం, అన్నారు.

కాంక్రీటు పొయ్యడానికి హేమచంద్ర ఇంకా మంచిరోజు చూస్తుండగానే, ఆ వారంలో ఒక మధ్యాహ్నం పూట మబ్బు పట్టింది. రామభద్రరావుగారు కిటికీలోంచి చూసి, ఇవాళ ఆ కొత్తది కూడా పోతుందేమో అంటూ చెప్పులు తొడుక్కున్నారు. దారిలో బత్తాయిలు కూడా కొన్నారు, కొనఊపిరితో ఉంటే పనికొస్తాయని. వాళ్ళు చేరేసరికి వాన ఉధృతంగా ఉంది. వాకిట్లో అందరూ చూరుల కింద నిలబడి గుంతవంకే చూస్తున్నారు. ఓంప్రకాశ్ ప్లేట్ల కట్టలన్నీ ముందుజాగ్రత్తగా మంచం మీదికి ఎక్కించాడు. గొట్టాల్లోంచి నీళ్ళు దూకాయి. గట్టు నిండింది. నీళ్ళు ఒకసారి సుడి తిరిగాయి, గుడగుడమని బుడగలు వచ్చాయి, దిగడం మొదలుపెట్టాయి. ఎంత వస్తే అంత దిగిపోతోంది. అడుగునించి ఎవరో గటగటా తాగుతున్నట్టు చప్పుడు.

ఎవరూ కేకలు పెట్టలేదు. దేవమ్మ తడుస్తూనే వెళ్ళి గట్టు మీద చెయ్యి వేసి, ఆ చప్పుడు వింటూ కూర్చుంది. ఆ చేతుల్ని చూసుకుని ఏడవాల్సిన అవసరం ఆవిడకి ఎప్పుడూ రాదు.

వాన వెలిశాక ఆవిడ ఇంట్లోకి వెళ్ళి టీ పెట్టి తెచ్చింది. తాగుతారా, వద్దంటారా అని నవత ఆయన చేతుల వంకే చూసింది. రామభద్రరావుగారు గ్లాసు వంక చాలాసేపు చూసి, అందుకుని, ఊదుకుంటూ తాగారు. బత్తాయిలు ఎవరికివ్వాలో తెలియక వాకిట్లో పిల్లలకి పంచారు. బోరు పలకాలంటే ఇంకా చాలా వానలు పడాలమ్మా, అవి పడతాయన్న నమ్మకం నాకు లేదు, పడినా ఒక్కసారే పడి కొంపలు ముంచుతాయి, అని అందరికీ ఓపిగ్గా వివరించారు. మా హేమచంద్రగారు ఇప్పుడు దీన్ని ఫోటో తీయించి విజయగాథ అని పెడతారు, ఆ దిష్టి వేరే, అన్నారు. చెప్పులు తొడుక్కుని బయల్దేరారు.

సందు మలుపు దగ్గర ఆగారు. నవత ఏదన్నా మర్చిపోయారేమో అనుకుంది. ఆయన వెనక్కి తిరిగి, గొంతు సవరించుకున్నారు. చాలాకాలంగా వాడని మాట కావడంతో మొదటిసారి సరిగ్గా రాలేదు.

"దేవమ్మగారూ, ఇది కూడా ఎన్నాళ్ళో ఉండదు లెండి," అన్నారు. "అయినా, వెళ్ళొస్తా."

"పోయి రా సారూ," అంది దేవమ్మ.

ఆ సాయంత్రం సుబ్బులుగారు ఎప్పట్లాగే చెంబుతో గుమ్మంలో నిలబడి, ఇవాళ ఎవరండీ అని అడిగింది. ఎవరూ లేరని చెప్తే ఆవిడ నమ్మలేదు. ఎందుకైనా మంచిదని కాళ్ళమీద నీళ్ళు పోసే లోపలికి రానిచ్చింది.